మీ గడియారం టైము సరైనదేనా?

హాల్లో గడియారం ఎనిమిదంటుంది. వంటింట్లోది ఎనిమిదీ నాలుగంటుంది. తత్కాల్ టికెట్టు బుక్ చేయాలన్నా, బస్సు అందుకోవాలన్నా దేన్ని నమ్మాలి? 'నిమిషం ఆలస్యమైనా అనుమతించం' అనే పరీక్షా కేంద్రం గేటు దగ్గరైతే ఆ తేడా ఏడాది చదువునే మింగేయొచ్చు.

గోడ గడియారంలోని చిన్న క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ లెక్కతోనే ముల్లు కదులుతుంది. ఎండకీ చలికీ ఈ వేగం కాస్త మారుతుంది. రోజుకు అర సెకను తేడా వచ్చినా ఆర్నెల్లకు నిమిషంన్నర!

మరి అసలు టైము ఎక్కడుంది? భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడకు దగ్గర్లోంచే వెళుతుంది. ఆ కాలాన్ని లెక్కగట్టేది మాత్రం దిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. అక్కడివి పరమాణు గడియారాలు. సీజియం పరమాణువు తరంగం 9,192,631,770 సార్లు కంపిస్తే ఒక సెకను. 1967 నుంచీ ప్రపంచమంతటికీ ఇదే కొలత.

ఇంట్లో కంప్యూటరుంటే ఇంటర్నెట్ ద్వారా సరైన టైము దానంతటదే తెచ్చుకుంటుంది. సమాచారం వెళ్లి రావడానికి పట్టిన సమయాన్నీ లెక్కేసుకుంటుంది. విండోస్ సెట్టింగ్స్‌లో 'డేట్ అండ్ టైమ్'కి వెళ్లి, 'సెట్ టైమ్ ఆటోమేటికల్లీ' ఆన్ చేసి, 'సింక్ నౌ' నొక్కితే చాలు. టైమ్ జోన్ +5:30 ఉందో లేదో చూడాలి. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు వెబ్‌సైట్లు తెరుచుకోకపోవచ్చు. డెస్క్‌టాప్ ఆన్ చేసినప్పుడల్లా పాత తేదీ చూపిస్తోందంటే లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయిందేమో చూడాలి.

ఒకప్పుడు రేడియోలో వార్తలకు ముందొచ్చే 'పిప్ పిప్' చప్పుడుకి ఇంటిల్లిపాదీ వాచీలు సరిచేసుకునేవారు. ఇప్పుడా పని సెల్‌ఫోను చేస్తుంది, అందులో 'ఆటోమేటిక్ టైమ్' ఆన్‌లో ఉంటే. సెకన్ల ముల్లు పన్నెండు మీదకు రాగానే గోడ గడియారం బ్యాటరీ తీయాలి. నిమిషాల ముల్లును రాబోయే నిమిషం మీద పెట్టి, ఫోనులో ఆ నిమిషం మారగానే బ్యాటరీ వేయాలి. నెలకోసారి చాలు. టీవీ చూసి మాత్రం సరిచేయొద్దు. ఆ బొమ్మ ఇంటికి చేరేసరికే కొన్ని సెకన్లు గడిచిపోతాయి.

కొందరు కావాలనే అయిదు నిమిషాలు ముందుకు తిప్పి పెడతారు. నాలుగు రోజులయ్యేసరికి ఇంట్లో అందరూ ఆ అయిదూ మనసులోనే తీసేసుకుంటారు. తొందరగా బయల్దేరాలంటే మార్చాల్సింది ముల్లు కాదు, నిద్ర లేచే వేళ!