కలకత్తా ట్రాములు

వారసత్వ సంపద అనగానే చాలామంది మనస్సులో మెదిలేవి కోటలు, కోవెలలు, శిలాశాసనాలు. నగరవీథిలో గంట మోగిస్తూ సాగిపోయే ట్రాముబండి కూడా ఆ కోవలోనిదేనని స్ఫురించడం అరుదు. కలకత్తా విషయంలో ఆ స్ఫురణ ఆలస్యంగానైనా కలిగింది. అయితే ట్రామును ఏ విధంగా కాపాడాలన్న వివాదం మాత్రం తెగలేదు.

1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుండి ఆర్మేనియన్ ఘాట్ వరకు గుర్రాలు లాగే ట్రాము ఆ నగరంలో తొలిసారి నడిచింది. ఆదరణ చాలక ఆ ఏడే ఆగిపోయింది. 1880లో కలకత్తా ట్రామ్వేస్ కంపెనీ ఏర్పడిన పిదప అది మళ్లీ పట్టాలెక్కింది. 1902 మార్చి 27న ఎస్ప్లనేడ్ నుండి ఖిదిర్పూర్‌కు విద్యుత్ ట్రాము బయలుదేరింది. వంగ సమాజంతో ఆ బండి ఎంతగా పెనవేసుకొన్నదంటే, 1953లో రెండవ తరగతి టిక్కెట్టుపై ఒక్క పైసా పెంచినందుకు నగరమంతా భగ్గుమన్నది. పైసాకు ఇంత రభసా అని నవ్వేవారు, ఆ పైసా ఎవరి జేబులోనిదో ఆలోచించాలి. ఆధునిక వంగకవులలో అగ్రగణ్యుడైన జీవనానంద దాస్ 1954లో ట్రాము ఢీకొనడం వల్లనే మరణించాడు.

తెలుగువారికీ ట్రాము అపరిచితం కాదు. చెన్నపట్టణంలో 1895లోనే విద్యుత్ ట్రాము ప్రారంభమైంది. చదువులకూ కొలువులకూ అక్కడ చేరిన తెలుగువారు ఎందరో దానిలో తిరిగారు. ఆంధ్రరాష్ట్రం అవతరించిన 1953లోనే అది శాశ్వతంగా నిలిచిపోయింది. తరువాతి దశాబ్దంలో ఢిల్లీ, బొంబాయి ట్రాములకూ అదే గతి పట్టింది. భారతదేశంలో మిగిలింది కలకత్తా ఒక్కటే.

2024 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం మైదాన్–ఎస్ప్లనేడ్ మార్గంలో మాత్రమే వారసత్వ చిహ్నంగా ట్రాములు నడిపి, తక్కినవి ఆపివేస్తామని ప్రకటించింది. ట్రాము నెమ్మదిగా నడుస్తుందనీ, రాకపోకలకు అడ్డమనీ వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. ఎదుట నిలిచిన లారీని తప్పించుకొని ట్రాము పక్కకు తొలగలేదు. ఒక బండి చెడితే వెనుకవన్నీ ఆగవలసిందే. కాని ఒకప్పుడు అనేక వీథులలో ట్రాముకు ప్రత్యేకమైన దారి ఉండేది. ఆ దారిని చదునుచేసి మోటారు వాహనాలకు విడిచిపెట్టి, ఆపైన ట్రామే అడ్డమనడం ఏమి న్యాయం? వీథిలో పొగ వదలని వాహనం కోసం లోకమంతా వెదకుతున్న కాలమిది.

1996 నుండి మెల్బోర్న్, కలకత్తా నగరాల ట్రాము అభిమానులు కలిసి ‘ట్రాంజాత్ర’ అనే ఉత్సవం జరుపుతున్నారు. 2023లో నూటయాభై ఏండ్ల వేడుక కూడా జరిగింది. రంగులద్దిన బండ్లు, పాటలు కన్నులపండువే. అయితే మెల్బోర్న్‌లో పాత ట్రాముల పక్కనే కొత్త ట్రాములు నిత్యం జనాన్ని పనులకు చేరవేస్తున్నాయి. కలకత్తాలో ఉత్సవం మిగిలి ప్రయాణం పోతున్నది. మైదానం పక్కన కొద్దిదూరం తిరిగివచ్చే బండిలో యాత్రికుడు ఛాయాచిత్రం తీసుకొంటాడు గాని, గుమాస్తా కార్యాలయం చేరలేడు. శ్యాంబజార్, గరియాహాట్‌ల నుండి ఎస్ప్లనేడ్‌కు పోయే దారులలోనైనా రద్దీవేళ పట్టాలను ట్రాముకే కేటాయించి చూడవలసింది. ఆ ప్రయత్నం చేయకుండానే ట్రాము పనికిరాదని తీర్పు చెప్పడం తొందరపాటు.