పాటగాడు తెరకెక్కితే...

పాడేవాడికి నటనెందుకంటారా? మన నెల్లూరులో పెరిగిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యాన్నే చూడండి. 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం తొలి పాట పాడారు. ఆ గొంతు వినబడితే అనంతసాగరం టీకొట్టులోనూ ఇట్టే పోల్చుకుంటారు. మరి ముఖం? 1994లో 'ప్రేమికుడు'లో ప్రభుదేవా తండ్రిగా వేసి, అంత భారీ మనిషీ కొడుకుతోపాటు చిందేశారు.

అసలు పరీక్ష 2012 నాటి 'మిథునం'. శ్రీరమణ కథ, తనికెళ్ల భరణి దర్శకత్వం. తెరమీద ఇద్దరే. అప్పదాసుగా బాలు, బుచ్చిలక్ష్మిగా లక్ష్మి. కెమెరా నుంచి తప్పించుకునే వీల్లేదు! తిండియావ, మొండితనం, పెళ్లాంతో కీచులాట... అన్నీ ముఖంలోనే పలికించారు. నా మటుకు ఆయన వేషాల్లో ఇదే మొదటిది.

2020 సెప్టెంబరు 25న బాలు వెళ్లిపోయారు. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లను కూచోబెట్టి 'మిథునం' పెట్టండి. సగంలో ఎవరో ఒకరు లేచి వంటింట్లోకి వెళ్తారు, చూడండి.