బడి గోడమీది లెక్క

గోదావరి డెల్టా పల్లెలలో పుట్టి పెరిగినవారికి 'శివారు భూములు' అను మాట క్రొత్త కాదు. కాలువకు చిట్టచివర నుండు పొలములకు ఆ పేరు. ఆనకట్టవద్ద నీరు నిండుగనే వదలుదురు. అది లాకులు దాటి, తూములు దాటి, పిల్లకాలువలలో ప్రవేశించి వచ్చునప్పటికి శివారు రైతు చేనికి అందునది ఒక్కొక్క యేడు తడి మాత్రమే. నీరు రాలేదని అతనికి తెలియును. ఎంత నీరు వదలిరో, ఎన్నడు వదలిరో, నడుమ ఎవరు గండి కొట్టిరో తెలియదు. అది తెలియనివాడు ఎవరినని అడుగగలడు?

ప్రభుత్వ ధనము కూడ ఇట్లే ప్రవహించును. శాసనసభ బడ్జెటును ఆమోదించును. ఆర్థికశాఖ నిధులను విడుదల చేయును. అవి ఖజానాద్వారా జిల్లాకును, జిల్లానుండి మండలమునకును, అచ్చటినుండి బడికో, ఆసుపత్రికో, చెరువు పనికో చేరవలెను. బడిలో కూర్చున్న మీరందరును ఈ కాలువక్రింది శివారు రైతులే. కనుక ఇది పెద్దల వ్యవహారమనుకొని పుట త్రిప్పివేయకుడు.

ఆఫ్రికా ఖండమున, విక్టోరియా సరస్సు ఉత్తరపు తీరమున ఉగాండా యను దేశము కలదు. 1990 తరువాతి సంవత్సరములలో ఆ దేశ ప్రభుత్వము ప్రాథమిక విద్యపై వెచ్చించు ధనమును పెంచినది. ఉపాధ్యాయుల జీతములు గాక, పుస్తకములు మొదలగు అవసరములకు విద్యార్థి యొక్కనికి ఇంత యని లెక్కకట్టి బడులకు గ్రాంటు మంజూరు చేయుచుండెను. అయినను ప్రభుత్వపు లెక్కలలో బడికి వచ్చు పిల్లల సంఖ్య పెరిగినట్లు కానరాలేదు. ధనము పోయినది, ఫలము లేదు. ఇదేమి వింత యని 1996లో 18 జిల్లాలలోని 250 బడులకు పరిశోధకులు స్వయముగ పోయిరి. పంపితిమని రాజధాని చెప్పిన మొత్తమును, వచ్చినదని బడి పుస్తకములలో వ్రాసిన మొత్తమును ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి.

1991 మొదలు 1995 వరకు ఆ గ్రాంటులో బడులకు చేరినది సగటున నూటికి 13 వంతులు మాత్రమే యని తేలినది. నూరు షిల్లింగులు బయలుదేరగా బడి గడప త్రొక్కినవి పదమూడు! అదియు సగటు లెక్క. పెక్కు బడులకు ఒక్క షిల్లింగైనను చేరలేదు. తక్కినది నడుమనున్న జిల్లా కార్యాలయములలోనే దారి మళ్లినది. ఇంకొక వింత కూడ బయటపడినది. బడుల హాజరు పట్టీలు చూడగా పిల్లలు నిజముగ పెరిగియుండిరి. ప్రభుత్వ పత్రములలోనే పెరుగలేదు. సొమ్ము పత్రములలో చేరినది, నిజముగ చేరలేదు. కాకిలెక్కలు రెండు విధముల మోసగించునని దీనివలన తెలియుచున్నది.

తలిదండ్రులు ఏల ఊరకుండిరని మీరు అడుగవచ్చును. ఆ దినములలో ప్రాథమిక పాఠశాలల ఖర్చులో సగమునకు మించి తలిదండ్రులే భరించుచుండిరి. బడి నడపుట తమ బాధ్యతయే యని వారు తలచిరి. తమ బిడ్డ పేరిట ప్రభుత్వము వేరుగ ధనము పంపుచున్నదని వారిలో ఎందరికి తెలియును?

అప్పుడు ఆ ప్రభుత్వము చేసిన పని మెచ్చదగినది. ఏ నెలలో ఏ జిల్లాకు ఎంత సొమ్ము పంపినదో వార్తాపత్రికలలో, ప్రాంతీయ భాషా పత్రికలలో సైతము, ప్రకటింప నారంభించినది. ప్రతి బడియు తనకు ముట్టిన మొత్తమును అందరికి కనబడునట్లు వ్రాసి అంటింపవలెనని శాసించినది. 2001 నాటికి గ్రాంటులో నూటికి 80 వంతులకు మించి బడులకు చేరుచుండెను. పత్రికలు అమ్ము చోటికి దగ్గరనున్న బడుల ప్రధానోపాధ్యాయులకు గ్రాంటు నియమములును, విడుదలయగు కాలమును తక్కినవారికంటె బాగుగ తెలిసియుండెననియు, ఆ బడులకే సొమ్ము అధికముగ చేరెననియు పరిశోధకులు వ్రాసిరి. ప్రధానోపాధ్యాయునిగ పనిచేసినవాడను గనుక ఈ చివరి మాట నన్ను మిక్కిలి ఆకర్షించినది. ఎన్నడు రావలెనో తెలిసినవాడే రాలేదని అడుగగలడు.

అయితే ఘనత యంతయు పత్రికలకే కట్టబెట్టుట న్యాయము కాదు. 1997లో ఆ దేశమున ఉచిత ప్రాథమిక విద్య ప్రవేశపెట్టబడినది. పిల్లలు వెల్లువవలె బడులకు వచ్చిరి. దేశము దృష్టి యంతయు బడులపై నిలిచినది. గ్రాంటు నియమములును, పైవారి తనిఖీయు కూడ మారినవి. విమర్శకులు తరువాతి కాలమున ఈ సంగతి నెత్తిచూపిరి; వారి మాటలో సత్యమున్నది. ఒక్క మందుతో సర్వరోగములు కుదురునని చెప్పువాడు వైద్యుడు కాడు.

వర్ధమాన దేశములలో ప్రభుత్వ ధన నిర్వహణను సంస్కరింపవలెనని నేడు ఎల్లరును చెప్పుచున్నారు. ఖజానాలను కంప్యూటర్లతో కలుపుట, పెక్కు ఖాతాలకు బదులు ఒకే ఖాతా నుంచుట, రాబోవు మూడు నాలుగేండ్లకు ముందుగనే బడ్జెటు వేసికొనుట ఇందులోనివి. అన్నియు అవసరమే, నేను కాదనను. కాని ఇవన్నియు రాజధానిలో కూర్చున్నవానికి జిల్లాను చూపు సాధనములు. బిడ్డను బడికి పంపిన తల్లికి జిల్లాను చూపునవి కావు. సంస్కరణలో ఈ రెండవ సగము చేయనంతకాలము మొదటి సగము కుంటునడక నడచుననియే నా అభిప్రాయము.

మన దేశమున ఈ ప్రయత్నము జరుగకపోలేదు. రాజస్థాన్ పల్లెలలో కూలీలు 1994 నుండి బహిరంగ సభలు జరిపి, పనులకు సంబంధించిన లెక్కలను నలుగురిలో చదివించిరి. 2005లో సమాచార హక్కు చట్టము వచ్చుటకు ఆ ఉద్యమము ఒక ముఖ్య కారణము. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభమైనది. ఆ పథకమునకు అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సామాజిక తనిఖీని క్రమపద్ధతిలో జరిపించినది. చదువుకొన్న పల్లె యువకులు మస్టరు చేతబట్టి ఇంటింటికి పోయి, "నీవు ఇన్ని దినములు పనిచేసినట్లున్నది, నిజమా? ఇంత కూలి ముట్టినదా?" అని అడిగిరి. పిమ్మట మండల కేంద్రమున అందరి యెదుట ఆ ఫలితములు చదివిరి. దారి తప్పినట్లు తేలిన సొమ్ములో తిరిగి వసూలైనది కొంత భాగమే. అది ఆ పద్ధతికి పెద్ద లోపము. అయినను, మస్టరులో తన పేరు తాను వినుట కూలివానికి చిన్న విషయము కాదు.

లెక్కలు సామాన్యులకు అర్థము కావని కొందరు అధికారులు అనుట నేను పెక్కుమారులు వింటిని. ఒకప్పుడు నేనును అట్లే తలచితిని. ఆ సంగతి దాచనేల?

ఒక యేడు మా పాఠశాలకు గ్రాంటు మార్చి నెల చివరి వారమున వచ్చినది. నెలాఖరులోగా ఖర్చు చేయనిచో నిధులు మురిగిపోవునని పైనుండి ఉత్తరువు. ఎనిమిదవ తరగతి గది పైకప్పు కారుచుండెను. దానిని బాగుచేయించుటకు మేస్త్రీ పదిదినములు గడువడిగెను. నాకున్నవి ఐదు దినములు. ఏమి చేయుదును? బీరువాలో రెండు గ్లోబులుండగనే మరి రెండు కొంటిని. ప్రయోగశాలకు అక్కరలేని సీసాలు కొంటిని. వోచర్లన్నియు సక్రమముగ నుండెను. ఆడిటువారు ఒక్క ఆక్షేపణయైనను వ్రాయలేదు. వానకాలమున పిల్లలు బల్లలు గోడవారకు జరుపుకొని పాఠము వినిరి. సొమ్ము దొంగిలింపబడలేదు, కాని వ్యర్థమైనది. వ్యర్థమైనదని పుస్తకములో ఎచ్చటను లేదు. నిధులు ఆలస్యముగ విడుదల చేయుట ఒక తప్పు. అడుగువారు లేరుగదా యని సంతకము చేయుట నా తప్పు.

మరుసటి యేటినుండి, వచ్చిన సొమ్మును, అయిన ఖర్చును వరండాలోని నల్లబల్లపై వ్రాయ మొదలిడితిని. సహోపాధ్యాయులలో కొందరికి అది నచ్చలేదు. ఇంటిగుట్టు వీథిలో పెట్టుచున్నాననిరి. నెలదినములు దానిని ఎవరును నిలిచి చదువలేదు. నాకును కొంత చిన్నతనముగ తోచినది.

ఒకనాటి మధ్యాహ్నము ఎనిమిదవ తరగతి బాలిక యొకతె నా గది గుమ్మమున నిలిచినది. ఆఫీసునుండి సుద్దముక్కల పెట్టెలు తెచ్చి తరగతులకు పంచు పని ఆమెది. "మాస్టారండీ, సుద్దముక్కలకు రెండుసార్లు రాశారండి. పెట్టెలు ఒక్కసారే కదండీ వచ్చాయి?" అన్నది.

నాకు ముందు కోపమే వచ్చినది. పుస్తకము తీసి చూచితిని. వోచరు ఒక్కటే, పద్దులు రెండు. 340 రూపాయలు అధికముగ ఖర్చు వ్రాసియుంటిని. పొరపాటు నాదే. ఆమె చూచుచుండగనే నల్లబల్లపై రెండవ పద్దును చెరిపి, మిగులు మొత్తమును దిద్దితిని. ఆమె పెదవులు కదల్చుచు మరల ఒకసారి కూడి చూచుకొని, తరగతికి పోయినది.