‘మంచిగున్నం’ అంటే మంచిగున్నట్టేనా?

విదేశంలో ఉన్న పిల్లలు ఫోన్ చేస్తే మనం అడిగే మొదటి ప్రశ్న ఒకటే. అటునుంచి వచ్చే జవాబూ ఒకటే. పాతబస్తీ లాల్ దర్వాజాలోని మా ఇంట్లో 2009 ఆగస్టు నుంచి ప్రతి శుక్రవారం ఇదే తంతు.

‘‘మంచిగున్నవా బిడ్డా?’’ అని అమ్మ.

‘‘మంచిగున్నం అమ్మా’’ అని జెడ్డా నుంచి మా చెల్లెలు.

అమ్మ తృప్తిగా ఫోన్ నా చేతికిచ్చేది. నేనూ అదే అడిగేవాణ్ణి, అదే వినేవాణ్ణి. ఇంతలో చెల్లెలి కార్డులో నిమిషాలు అయిపోయేవి.

ఆ ‘మంచిగున్నం’ ఎంత పెద్ద అబద్ధమో తెలియడానికి మాకు రెండేళ్లు పట్టింది. 2011లో సెలవులకొచ్చి, బోనాల రాత్రి డాబా మీద పక్కలేసుకున్నాక చెప్పింది.

బావ అంతకు ఏడాది ముందే జెడ్డా వెళ్లాడు. ఓ కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగం. మనవాళ్లూ పాకిస్తానీలూ ఎక్కువగా ఉండే అజీజియాలో మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు తీసుకుని, చెల్లెల్నీ, తొమ్మిదేళ్ల బాబునీ, నాలుగేళ్ల పాపనీ పిలిపించుకున్నాడు. మేమంతా విమానాశ్రయానికి వెళ్లి, దండలు వేసి మరీ పంపించాం.

వాళ్లు దిగిన మర్నాడే నీళ్లు అయిపోయాయి. అక్కడ చాలా ఇళ్లకు ట్యాంకరే గతి. ‘రేపొస్తుంది’ అని వాచ్‌మన్ చేతులతో సైగ చేసి చెప్పాడట. బాబును బళ్లో వేద్దామంటే, ఇండియన్ స్కూళ్లు ఏప్రిల్‌లోనే మొదలైపోయాయి, మధ్యలో సీటు లేదన్నారు. వాడు రోజంతా ఏసీ గదిలో గోడకి బంతి కొడుతూ, ‘ఇంటికెప్పుడు పోదాం?’ అని అడిగేవాడు. ‘ఇదే ఇల్లు’ అంటే ఏడుపు.

బయటికెళ్దామంటే బావ రావాలి. అప్పటికి సౌదీలో ఆడవాళ్లు కారు నడపకూడదు. ఆ అనుమతి వచ్చింది 2018 జూన్‌లో. సందు చివర బఖాలా ఉంది, అంటే కిరాణా కొట్టు. కానీ ఆ రోజుల్లో గడప దాటాలంటే నల్ల అబాయా వేసుకోవాలి. అది వేసుకుంటే పాప తల్లిని గుర్తుపట్టక ఏడ్చేదట!

ఇక్కడ పొద్దున అయిదింటికి పాలవాడితో మొదలై, రాత్రి పదింటి దాకా గడపలో ఎవరో ఒకరు నిలబడి పలకరించే ఇల్లు మాది. అక్కడ నాలుగు రోజులు భర్త, పిల్లలు తప్ప ఇంకో మనిషి మాట వినలేదు. మూడో రాత్రి ‘నన్ను పంపించెయ్’ అని బావని అడిగింది. పాస్‌పోర్టులు కంపెనీ దగ్గర ఉన్నాయి. అప్పట్లో దేశం దాటాలంటే కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, సరేనని ఎగ్జిట్ వీసా ఇప్పించాలి. ‘వచ్చి నాలుగు రోజులు కాలేదు, ఏ మొహం పెట్టుకుని అడగను?’ అన్నాడు బావ. అన్నం తినకుండానే ఇద్దరూ పడుకున్నారు.

నాలుగో రోజు పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి, చెత్త సంచి బయట పెడదామని అడుగు వేసింది. వెనక తలుపు పడిపోయింది. లోపలి నుంచి తప్ప తెరుచుకోని తాళం. బాబు నిద్రలో ఉన్నాడు. పాపకి గడియ అందదు. బావ నంబర్ రాసుకున్న కాగితం లోపలే. ఒంటి మీద నైటీ, చేతిలో చెత్త సంచి. లోపల పాప ‘అమ్మా’ అని తలుపు బాదుతోంది. పాలు పొంగి స్టవ్ ఆరిపోతే గ్యాస్ వాసన ఎలా ఉంటుందో ఈమెకి తెలుసు. మెట్ల మీద నిలబడి గట్టిగా ఏడ్చేసిందట.

ఎదురింటి తలుపు తెరుచుకుంది.

‘‘కైకు రోరే?’’

ఎందుకేడుస్తున్నావ్ అని, అచ్చం మన చార్మినార్ దగ్గరి ఉర్దూలో. ఆమె తన దుపట్టా తీసి చెల్లెలి భుజాల మీద కప్పి, కొడుకుని కిందికి పరుగెత్తించింది. వాచ్‌మన్ ఇంకో తాళంచెవి తెచ్చేలోగా తలుపు దగ్గర కూర్చుని పాపకి ఏదో పాట పాడుతూనే ఉంది. తలుపు తీసి చూస్తే పాలు పొంగి, మాడి, గిన్నె నల్లగా అయిపోయింది. అదృష్టం, మంట ఆరలేదు.

చాయ్ ఇచ్చాక అడిగింది: ‘‘హైదరాబాదా? హైదరాబాద్‌లో ఎక్కడ?’’

‘‘లాల్ దర్వాజా.’’

ఆమె నవ్వింది. ‘‘నాది బార్కస్.’’

మా ఇంటి నుంచి బార్కస్ ఆటోలో వెళ్లేంత దూరం. పుట్టి బుద్ధెరిగాక మా ఇంట్లో ఎవరూ అక్కడ ఓ ఇంటి గడప తొక్కలేదు. జామపళ్లు కొనడానికి వెళ్లడమే. సముద్రం దాటాక గానీ పక్క బస్తీ మనిషి ఎదురింటి మనిషి కాలేదు.

ఆ వారం కూడా చెల్లెలు ఫోన్ చేసింది. ‘మంచిగున్నం’ అనే చెప్పింది.

‘‘ఎందుకు చెప్పలేదే?’’ అన్నాను డాబా మీద.

‘‘చెప్పబోయిన అన్నా. ఈడ మనసున పడ్తలేదు అన్న. కొత్తల గట్లనే ఉంటది, సర్దుకో అన్నవ్ నువ్వే. మల్ల ఏం చెప్పాలె?’’

నాకు గుర్తే లేదు. కానీ అనే ఉంటాను. ఎందుకంటే ఆ మాట మనందరి నోటిలో సిద్ధంగా ఉంటుంది. ధైర్యం చెబుతున్నామనుకుంటాం. నిజానికి ఆ మాటతో మనం చేసేది, అవతలి మనిషి నోరు మూయించడం.

ఆలోచిస్తే, కొత్త ఊళ్లో మొదటి రోజుల కష్టం తెలియని ఊరు కాదు మనది. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాకి పేష్వాగా ఉన్న మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్త్రాబాద్ నుంచి వచ్చినవాడు. మళ్లీ వెనక్కి వెళ్లలేదు. ఆయన సమాధి ఉన్న దాయిరా మా ఇంటికి దూరమేం కాదు. బార్కస్ అన్న పేరే ‘బ్యారక్స్’ నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు అక్కడ ఉండేవారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆ కొలువు పోయింది. చాలామందిని తిప్పి పంపేశారు. మిగిలినవాళ్లు ఇక్కడే సంసారాలు నిలబెట్టుకున్నారు. వాళ్లు తెచ్చిన హరీస్ మన మసాలాలు కలుపుకుని హలీం అయింది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు వస్తే, ‘మా హైదరాబాద్ హలీం’ అని మనమే గర్వపడ్డాం. ఆ ఎదురింటామె ముత్తాత కూడా అలా వచ్చినవాడేనట. ఆయన కూడా ఇంటికి ‘మంచిగున్నాం’ అనే కబురు పంపి ఉంటాడా?

2017 జులై నుంచి సౌదీలో కుటుంబ సభ్యుల మీద నెలనెలా రుసుము మొదలైంది. తొలి ఏడాది మనిషికి 100 రియాళ్లు, మరుసటి ఏడాది 200, అలా పెరుగుతూ పోయింది. ఓ చిన్న ఉద్యోగికి భార్యా ఇద్దరు పిల్లలంటే 2018 జులై నుంచి నెలకి 600 రియాళ్లు. చెల్లెలూ పిల్లలూ ఆ ఏడాదే వచ్చేశారు. ఈసారి కథ తిరగబడింది. నాలుగేళ్లప్పుడు వెళ్లిన పాపకి లాల్ దర్వాజాయే విదేశం. హారన్ల మోతకి నిద్ర పట్టదు, కరెంటు పోతే భయం, క్లాసులో తెలుగు చదవలేక కన్నీళ్లు.

ఈసారి నేను ‘సర్దుకో’ అనలేదు. ‘‘ఇవాళ దేనికి కష్టమైంది?’’ అని అడిగాను. అరగంట చెప్పింది. నేనేం పరిష్కరించలేదు. విన్నాను, అంతే. మర్నాడు తనే వచ్చి కూర్చుంది.

మీ పిల్లలు కూడా ఎక్కడో కొత్త ఇంట్లో సామాను విప్పుతూ ఉండొచ్చు. ఈ ఆదివారం ఫోన్ వస్తే, ‘బాగున్నారా’ పక్కన పెట్టి చూడండి. నీళ్లొస్తున్నాయా, పక్కింట్లో ఎవరున్నారు, పగలు ఎవరితో మాట్లాడావ్... ఇలాంటివి అడగండి. వీటికి ‘మంచిగున్నం’ అని జవాబు చెప్పడం కుదరదు. అలాగే మీ వీధిలోకి ఏ ఊరి నుంచో కొత్తగా అద్దెకు దిగినవాళ్లుంటే, ఓసారి తలుపు తట్టండి.

ఎదురింటామె కూడా ఆ ఏడాదే పిల్లలతో బార్కస్ వచ్చేసింది. సంక్రాంతికి అమ్మ ఓ డబ్బా నిండా సకినాలు పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి బయల్దేరింది. గడపలో ఆమె చేతులు రెండూ పట్టుకుంది. అమ్మకి ఉర్దూ అంతంతమాత్రం, ఆమెకి తెలుగు అంతకన్నా తక్కువ.

‘‘ఆ పొద్దు నా బిడ్డ ఎంతసేపు ఏడ్చిందమ్మా?’’ అని అడిగింది అమ్మ.

తొమ్మిదేళ్లు ఆలస్యంగానైనా, అడగాల్సిన ప్రశ్న అదే.