చెలమ దగ్గర కెమెరా

చైత్రం వచ్చేసరికి కొనకనమిట్ల చుట్టుపక్కల వాగులు ఇసుక తేలిపోతాయి. వేపపూత ఉంటుంది, మోదుగపూలు ఉంటాయి, కోకిల కూత ఉంటుంది, నీళ్లే ఉండవు. చలిదేశాల పుస్తకాల్లో వసంతమంటే మంచు కరిగి కుంటలు నిండే కాలం, కప్పలు గుడ్లు పెట్టే కాలం. పడమటి ప్రకాశంలో ఆ సందడంతా తొలకరికి గానీ రాదు. ఇక్కడ వసంతంలో జరిగేది వేరు. కొండల్లో, చేలల్లో చెదిరి ఉన్న జీవాలన్నీ మిగిలిన కాసిన్ని నీళ్ల చుట్టూ చేరతాయి. చెరువు నడుమ మిగిలిన మడుగు, సేద్యపు బావి, పశువుల తొట్టి, వాగులో తోడిన చెలమ, ఫోటోలు దొరికేది వీటి దగ్గరే. అందుకే ఈ ప్రాంతంలో వసంతపు నడకలో నడక తక్కువ, ఒకచోట కదలకుండా కూర్చోవడం ఎక్కువ.

కూర్చున్నవారికి ముందుగా దొరికేవి పిట్టలు. పాలపిట్ట కరెంటు తీగ మీద వాలినప్పుడు మట్టిరంగుగా, మామూలుగా ఉంటుంది. రెక్క విప్పితేనే నీలం బయటపడుతుంది. జత కట్టే ఈ రోజుల్లో అది పైకెగిరి, గట్టిగా అరుస్తూ, పల్టీలు కొడుతూ కిందికి దిగుతుంది. ఆ పల్టీ స్పష్టంగా రావాలంటే షట్టర్ వేగం సెకనులో రెండువేలవ వంతు ఉండాలి. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను రాష్ట్రపక్షిగా ఎంచుకుంది గానీ, అంతకుముందు ఆ గౌరవం పాలపిట్టదే. తెలంగాణలో ఇప్పటికీ దానిదే. వాగు గట్టు మెత్తటి మట్టిలో పసిరిక పిట్టలు బొరియలు తవ్వుకునేది కూడా ఇప్పుడే. పట్టిన తేనెటీగను కొమ్మకేసి కొట్టి, కొండి పోగొట్టి గాని పసిరిక మింగదు. తిరిగి తిరిగి అదే కొమ్మ మీదికి వస్తుంది కాబట్టి కొమ్మ మీద ఫోకస్ పెట్టి వేచి ఉంటే చాలు.

తీతువు సంగతి వేరు. అది గూడంటూ కట్టదు. గులకరాళ్ల నేల మీద చిన్న గుంట చూసుకుని మచ్చల గుడ్లు పెడుతుంది. రెండడుగుల దూరంలో నిలబడ్డా గుడ్డేదో రాయేదో తెలియదు. ఎండ ముదిరితే తల్లిదండ్రులు పొదగడం మాని నీడ పట్టడం మొదలుపెడతాయి. నీళ్లలోకి దిగి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తాయి. ఇంతకంటే మంచి ఫోటో ఈ కాలంలో అరుదు. దాన్ని చెడగొట్టడం మాత్రం చాలా సులువు. కెమెరా పట్టినవాడు గుడ్లకూ నీళ్లకూ మధ్య నిలబడితే పిట్ట తలమీద అరుస్తూ తిరుగుతుందే తప్ప కిందికి దిగదు. నలభై డిగ్రీల ఎండలో గుడ్డు ఎక్కువసేపు నిలవదు. అరుపు వినబడగానే వెనక్కి తగ్గాలి. పక్షి పరిశీలకుల బృందాలు చాలావరకు గూళ్ల ఫోటోలను ప్రోత్సహించకపోవడానికి కారణం ఇదే. నీటిగుంట దగ్గరా ఇదే లెక్క: గట్టుకు దూరంగా, చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చుంటే పిట్టలు తాగి పోతాయి, ఒడ్డునే కూర్చుంటే దాహంతోనే మళ్లిపోతాయి.

వెలుతురు విషయానికొస్తే, ఇక్కడి వసంతంలో పనికొచ్చే సమయం పొద్దున రెండు మూడు గంటలే. తొమ్మిది దాటాక నేల నుంచి లేచే వేడిగాలి దూరపు దృశ్యాన్ని వణికిస్తుంది. లక్షలు పోసి కొన్న లెన్సు కూడా అప్పుడు మసక బొమ్మే ఇస్తుంది. చాలామంది లెన్సును తిట్టుకుంటారు గానీ, తప్పు గాలిది.

పాములకూ పొద్దుటి ఎండే కావాలి. నీళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేది విషం లేని నీరుకట్టె. కప్పలూ చేపలూ దాని తిండి. రెండు జెర్రిపోతులు నిలువునా లేచి పెనవేసుకుంటే జనం సయ్యాట అంటారు, ఒకటి నాగుపామనీ అంటారు. నిజానికి అవి రెండూ మగ జెర్రిపోతులే, ఆడదాని కోసం బలం చూసుకుంటున్నాయి. ఆ సమయంలో చుట్టూ ఏముందో అంతగా పట్టించుకోవు కాబట్టి దూరం నుంచి తీరిగ్గా తీయవచ్చు. విషమున్న ముఖ్యమైన నాలుగు పాముల్లో కట్లపాము రాత్రి సంచారి. నాగుపాము, రక్తపింజరి, చిన్నపింజరి మెట్టప్రాంతాల్లో సాధారణం. చిన్నపింజరి రాళ్ల కింద, పలకల సందుల్లో దాక్కుంటుంది. బెదిరితే ఒళ్లు చుట్టుకుని, పొలుసులు ఒకదానికొకటి రాసి గరగరమంటుంది. ఆ చప్పుడు వినిపించిందంటే దగ్గరికి వెళ్లడం అప్పటికే ఎక్కువైందని అర్థం. కుబుసం విడిచే ముందు పాము కన్ను పాలు పోసినట్టు తెల్లబడుతుంది, చూపు మందగిస్తుంది. అలాంటిదాన్ని అసలు కదిలించకూడదు. పడగ విప్పిన నాగుపాము ఫోటోకు మెచ్చుకోళ్లు ఎక్కువే గాని, అది బెదిరిన పాము ఫోటో. తన పాటికి తాను పోతున్న పామును నేలబారుగా తీయడానికి ఎక్కువ నేర్పు కావాలి. పామును పట్టి, పుల్లతో కెలికి ఫోటోకు నిలబెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాకా తీసుకెళ్లే పని.

కనబడకుండానే ఫోటో తీయాల్సిన పిట్ట ఒకటి ఉంది. తూర్పు కనుమల్లో, ఇక్కడికి దక్షిణాన కడప జిల్లా చిట్టడవుల్లో ఉండే కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానికుడికి రాత్రిపూట చిక్కింది. అది బతకలేదు గాని జాతి బతికే ఉందని తేలింది. తర్వాత శాస్త్రవేత్తలు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు వెతికారు, జీవి కదిలితే తనంతట తానే క్లిక్కుమనే కెమెరాలు పెట్టారు. ఇలాంటి అరుదైన జీవి దొరికితే ఫోటోలో దాగి ఉండే చోటు వివరాలను ఫోన్లో తీసేసి గాని ఎవరికీ పంపకూడదు. కొనకనమిట్ల నుంచి పడమరకు పోతే నల్లమల నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోకి వస్తుంది. అక్కడ అటవీశాఖ అనుమతి లేనిదే అడుగు పెట్టరాదు.

ఇక కప్పలు. వసంతంలో దొరికేది ముఖ్యంగా నీటి కప్ప. బావి నీటిపై కళ్లు, ముట్టె మాత్రం తేల్చి ఉంటుంది, అలికిడైతే నీటి మీద ఎగిరెగిరి పోతుంది. కెమెరాను నీటి మట్టానికి దించితే కళ్లు నీడతో సహా నాలుగుగా వస్తాయి. చెట్టుకప్ప స్నానాల గదుల్లో, కుండల చెమ్మలో తల దాచుకుంటుంది. కప్ప చర్మంతోనూ ఊపిరి తీస్తుంది కాబట్టి దోమల మందు రాసుకున్న చేత్తో దాన్ని ముట్టుకోకూడదు. బోదురుకప్ప కావాలనుకునేవారు మాత్రం ఆగాలి. వసంతమంతా అది మట్టిలోనే ఉంటుంది. తొలకరి పెద్దవాన పడ్డాక మగవి నిమ్మపండు రంగుకు తిరిగి, గొంతు కింద నీలి తిత్తులు ఉబ్బించి అరుస్తాయి. ఆ రంగు కొద్ది రోజులే ఉంటుంది.