ఆకుపచ్చ అంకెను నమ్మే ముందు ఫిల్టర్ చూడండి

యాప్ తయారుచేసే ఏ టీమ్‌లోనైనా పొద్దున్నే ముందు తెరిచేది డాష్‌బోర్డే. పైన నాలుగు పెద్ద అంకెలు, పక్కన ఆకుపచ్చ బాణాలు. క్రాష్ రేటు తగ్గింది, రేటింగ్ పెరిగింది, అంతా బాగుంది. ఎవరో గ్రూప్‌లో స్క్రీన్‌షాట్ పెడతారు, అందరూ థంబ్స్ అప్ కొడతారు. అదే రోజు ప్లే స్టోర్‌లో ఒక రివ్యూ పడుతుంది: "ఓపెన్ చేయగానే క్లోజ్ అయిపోతోంది, వేస్ట్ యాప్, వన్ స్టార్."

ఇద్దరిలో ఎవరిది అబద్ధం? ఎవరిదీ కాదు. డాష్‌బోర్డ్ అందరి సగటు చెబుతోంది, ఆ యూజర్ తన చేతిలో ఉన్న ఫోన్ సంగతి చెబుతున్నాడు. ఈ రెంటినీ కలిపేది ఫిల్టర్.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఫిల్టర్ వేసి చూడని అంకెతో నిర్ణయం తీసుకోకూడదు. ఏ ఫిల్టర్ వేశారో రాయని అంకెను షేర్ చేయకూడదు. మొదటిది అందరూ ఒప్పుకుంటారు. రెండోదాన్నే ఎవరూ పట్టించుకోరు, అసలు నష్టం అక్కడే జరుగుతుంది.

సగటు వెనక దాక్కున్న ఫోన్

సగటు సరిపోదని గూగుల్ కూడా ఒప్పుకుంది. ప్లే స్టోర్‌లో యాప్ క్వాలిటీకి ఒకప్పుడు మొత్తం యూజర్ల లెక్కే ప్రధానం. 2022లో ఫోన్ మోడల్ వారీ లెక్క కూడా చేర్చారు. ఒక రోజు యాప్ వాడినవాళ్లలో క్రాష్ ఎదురైనవాళ్లు మొత్తం మీద 1.09 శాతం దాటితే యాప్‌కు చెడ్డ మార్కు. ఏదైనా ఒక్క ఫోన్ మోడల్‌లో 8 శాతం దాటినా ఆ మోడల్ వరకు చెడ్డ మార్కే. అప్పుడు ఆ ఫోన్ వాడేవాళ్లకు యాప్ స్టోర్‌లో అంతగా కనిపించకపోవచ్చు, యాప్ పేజీలో హెచ్చరిక కూడా రావచ్చు.

ఇది ఎందుకు అవసరమైందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. రోజుకు లక్ష మంది వాడే యాప్. అందులో 2,000 మంది దగ్గర 3 జీబీ ర్యామ్ ఉన్న ఒకే పాత మోడల్. ఆ మోడల్‌లో క్రాష్ రేటు 9 శాతం, అంటే 180 మంది. మిగతా 98,000 మందిలో అర శాతం, అంటే 490 మంది. మొత్తం 670 మంది, అంటే 0.67 శాతం. 1.09 కంటే చాలా తక్కువ కాబట్టి డాష్‌బోర్డ్ పచ్చగా మెరుస్తుంది. డివైస్ ఫిల్టర్ వేసి చూస్తే మాత్రం ఆ 2,000 మందిలో ప్రతి పదకొండు మందిలో ఒకరికి యాప్ క్రాష్ అవుతోంది.

బడ్జెట్ ఫోన్ వాడేవాళ్ల బాధ సగటులో ఇలాగే కరిగిపోతుంది. ఫ్లాగ్‌షిప్ ఫోన్లలో టెస్ట్ చేసి "మా దగ్గర బాగానే ఉందే" అనేసే టీమ్‌లకు ఈ ఒక్క ఫిల్టర్ చాలు, కళ్లు తెరిపించడానికి.

రెండు చోట్లా ఓడి మొత్తంలో గెలిచిన వెర్షన్

ఇంకా విచిత్రమైన కేసు ఉంది. కొత్త వెర్షన్ వదిలారు. పాత వెర్షన్‌లో క్రాష్ రేటు 1.2 శాతం, కొత్తదానిలో 0.84 శాతం. పార్టీ చేసుకోవచ్చా? ఆగండి, ఫోన్ వయసు ఫిల్టర్ వేద్దాం.

కొత్త ఫోన్లలో పాత వెర్షన్‌కు 0.4 శాతం, కొత్త వెర్షన్‌కు 0.6 శాతం. పాత ఫోన్లలో పాత వెర్షన్‌కు 2 శాతం, కొత్త వెర్షన్‌కు 3 శాతం. రెండు రకాల ఫోన్లలోనూ కొత్త వెర్షనే చెత్తగా ఉంది! మరి మొత్తం ఎలా తగ్గింది? పాత వెర్షన్ వాడేవాళ్లలో కొత్త ఫోన్లు, పాత ఫోన్లు సగం సగం. కొత్త వెర్షన్ తీసుకున్నవాళ్లలో పది మందికి తొమ్మిది మంది దగ్గర కొత్త ఫోన్లే. స్టోరేజ్ నిండిపోయిన ఫోన్లకు, వైఫై దొరకని ఫోన్లకు అప్‌డేట్ ఆలస్యంగా చేరుతుంది కదా. మారింది యాప్ కాదు, లెక్కలోకి వచ్చిన మనుషులు. స్టాటిస్టిక్స్‌లో దీన్ని సింప్సన్స్ పారడాక్స్ అంటారు. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవే, కానీ కొత్త వెర్షన్ కొద్దికొద్దిగా వదిలే ఏ యాప్‌కైనా ఇలా జరగొచ్చు.

ఫిల్టర్‌తో అబద్ధం కూడా చెప్పొచ్చు

ఇంతవరకు చదివి "అయితే ఫిల్టర్లు వేసుకుంటూ పోదాం" అనుకుంటే అదీ ప్రమాదమే. డివైస్, రాష్ట్రం, నెట్‌వర్క్, భాష, వయసు అని ఒకదాని మీద ఒకటి వేస్తూ పోతే చివరికి పన్నెండు మంది మిగులుతారు. అందులో ఒక్కడికి క్రాష్ అయితే 8.3 శాతం! మీటింగ్‌లో గంట చర్చ దానికే పోతుంది.

దీనికంటే పెద్ద తప్పు, నచ్చిన జవాబు వచ్చేదాకా ఫిల్టర్లు మార్చడం. కాకతాళీయంగా తేడా కనిపించే అవకాశం ఒక్కో ఫిల్టర్‌కు 5 శాతమే అనుకుందాం. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 ఫిల్టర్లు తిప్పితే, కనీసం ఒక్కదానిలో ఉత్తుత్తి తేడా కనిపించే అవకాశం దాదాపు 64 శాతం. అంటే తవ్వితే ఏదో ఒకటి దొరుకుతుంది, అది నిధి అని గ్యారంటీ లేదు.

గాడ్జెట్లు ఫాలో అయ్యే మనకు ఇది కొత్తేం కాదు. ఫోన్ లాంచ్ ఈవెంట్‌లో స్లైడ్ మీద "నంబర్ వన్" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. పక్కన చిన్న చుక్క గుర్తు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో: ఫలానా ధరలోపు, ఆన్‌లైన్‌లో మాత్రమే, ఫలానా మూడు నెలల్లో. అది జవాబు ముందు రాసుకుని తర్వాత వెతుక్కున్న ఫిల్టర్. ఆఫీసు డాష్‌బోర్డ్‌లో అదే పని మనం చేస్తే, ఆ చిన్న చుక్క కూడా పెట్టం. ఒక రకంగా కంపెనీలే నయం!

కొన్ని ఫిల్టర్లు మనకు తెలియకుండానే పనిచేస్తుంటాయి. 2021 నవంబర్ నుంచి ఫోన్‌లో ప్లే స్టోర్ చూపించే రేటింగ్ మన అకౌంట్ ఏ దేశానిదో ఆ దేశపు యూజర్లు ఇచ్చినది. డాలస్‌లో ఉన్న మీ ఫ్రెండ్‌కు అదే యాప్ కింద వేరే స్టార్లు కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. రెండూ నిజమే, ఫిల్టర్లే వేరు.

చూపు మార్చేది, డేటా తీసేసేది

ఇంకో తేడా కూడా గుర్తుపెట్టుకోవాలి. రిపోర్ట్ మీద వేసే ఫిల్టర్ తీసేస్తే డేటా మళ్లీ కనిపిస్తుంది. గూగుల్ అనలిటిక్స్ 4 సెట్టింగ్స్‌లో ఉండే డేటా ఫిల్టర్ అలాంటిది కాదు. ఆఫీసువాళ్ల ట్రాఫిక్ తీసేయడానికి దాన్ని యాక్టివ్ చేస్తే, ఆ క్షణం నుంచి దానికి చిక్కిన డేటా శాశ్వతంగా పోయినట్టే. అందుకే అందులో టెస్టింగ్ మోడ్ ఇచ్చారు. కొన్నాళ్లు దానిలో ఉంచి, ఎవరెవరు చిక్కుతున్నారో చూసి, ఆ తర్వాతే యాక్టివ్ చేయాలి.

నేను అడిగేది మూడే

ఒకటి, ప్రతి చార్ట్ పక్కన వేసిన ఫిల్టర్లు, తేదీలు, మిగిలిన యూజర్ల సంఖ్య కనిపించాలి. స్క్రీన్‌షాట్ తీసినా అవి అందులో పడాలి. రెండు, ఏ ఫిల్టర్ ఎందుకు వేస్తున్నామో డేటా చూడక ముందే ఒక్క లైన్ రాసుకోవాలి. మూడు, క్రాష్ రేటు చూసే ప్రతిసారీ తక్కువ ర్యామ్ ఫోన్ల వరుస తప్పనిసరిగా తెరవాలి.

డాష్‌బోర్డ్ తయారుచేసే కంపెనీలు కొత్తగా ఏఐ సారాంశాలు, రంగురంగుల థీమ్‌లు ఇస్తున్నాయి. సంతోషమే. కానీ "ఈ అంకెలో ఎవరున్నారు, ఎవరు లేరు" అని చార్ట్ కింద ఒక్క లైన్ రాసిపెట్టే ఫీచర్ ఉంటే నేను అదే కొంటాను. అంతవరకు ఎవరైనా పచ్చబాణం స్క్రీన్‌షాట్ పంపితే థంబ్స్ అప్ కొట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఫిల్టర్ ఏంటి బాస్?"