లెక్కల పుస్తకంలో మిగిలిన పేర్లు

బార్బడోస్ దీవి తూర్పు తీరాన, సెయింట్ జాన్ పారిష్‌లో, సముద్రం కనిపించే చోట కాడ్రింగ్టన్ కళాశాల ఉంది. ఆంగ్లికన్ సంఘానికి సేవకులను తయారుచేసే వేదాంత కళాశాల అది. దాని చుట్టూ ఉన్న నేల ఒకప్పుడు చెరకు తోట. ఆ తోటలో పనిచేసినవారు కూలివాళ్లు కారు, బానిసలు. వారి యజమాని ఎవరో లోభి వ్యాపారి కాడు. సువార్త ప్రకటించడానికి 1701లో లండన్‌లో ఏర్పడిన మిషనరీ సంస్థ. దాని పేరు సొసైటీ ఫర్ ది ప్రాపగేషన్ ఆఫ్ ది గాస్పెల్. మనవాళ్లు ఎస్పీజీ అనేవారు.

ఆ పేరు తెలుగు క్రైస్తవులకు కొత్త కాదు. 19వ శతాబ్దంలో ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల ప్రాంతాల్లో సువార్త పని చేసింది, బడులు పెట్టింది ఆ ఎస్పీజీ మిషనే. రాయలసీమ పల్లెల్లో ఇప్పటికీ పెద్దవాళ్లు "మాది ఎస్పీజీ సంఘం" అని చెప్పుకుంటారు. అందుకే బార్బడోస్ తోట గురించి ఇప్పుడు ఇంగ్లండ్‌లో, కరీబియన్ దీవుల్లో జరుగుతున్న పరిశోధన మనకు దూరపు వార్త కాదు. బార్బడోస్ సొమ్మే నంద్యాలకు వచ్చిందని ఇక్కడ చెప్పడం లేదు. మనకు అక్షరం నేర్పిన సంస్థే మరోచోట మనుషులను ఆస్తిగా రాసుకుందని తెలిసినప్పుడు, ఆ రెండు సంగతులనూ కలిపి చదివే ధైర్యం మనకు ఉండాలి.

సంగతి ఇలా మొదలైంది. లీవార్డ్ దీవుల గవర్నరుగా పనిచేసిన క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ 1710లో చనిపోయాడు. బార్బడోస్‌లోని తన రెండు తోటలను ఎస్పీజీకి రాసి ఇచ్చాడు. అక్కడ కళాశాల కట్టాలనీ, వైద్యం, దైవశాస్త్రం నేర్పాలనీ వీలునామాలో కోరాడు. తోటలు చెక్కుచెదరకుండా నడవాలనీ, కనీసం 300 మంది బానిసలు ఎప్పుడూ అక్కడ ఉండాలనీ అదే కాగితంలో రాశాడు. ఒకే సంతకం కింద వేదపాఠమూ సంకెళ్లూ చేరాయి. సంస్థ ఆ ఆస్తిని తీసుకుంది. బానిసల రొమ్ము మీద కాల్చిన ఇనుముతో 'సొసైటీ' అని వాత పెట్టేవారు. 1730ల తొలినాళ్ల వరకు ఆ పద్ధతి సాగింది.

ఇవన్నీ శత్రువులు పుట్టించిన మాటలు కావు. సంస్థ తన చేతితో తాను రాసుకున్న కాగితాలు. ఎస్పీజీ పాత రికార్డులు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నాయి. తోట మేనేజర్లు లండన్‌కు రాసిన ఉత్తరాలు, జమాఖర్చుల పుస్తకాలు, బానిసల జాబితాలు పరిశోధకుల ముందుకు వస్తున్నాయి. పంచదార ఎంత అమ్మారు, రమ్ము ఎంత అమ్మారు, పశువులు ఎన్ని, మనుషులు ఎందరు అన్నవి ఒకే రకం లెక్కగా కనిపిస్తాయి.

1817 నుంచి బార్బడోస్‌లో మూడేళ్లకోసారి బానిసల రిజిస్టరు రాయించారు. పేరు, ఆడా మగా, వయసు, రంగు, చేసే పని, పుట్టింది ఆఫ్రికాలోనా దీవిలోనా అన్నది అందులో ఉంటుంది. వాటి ప్రతులు లండన్ శివారు క్యూలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ముత్తాతల ఆచూకీ వెతికే కుటుంబాలకు ఇది మొదటి మెట్టు. చాలామందికి అక్కడే దారి మూసుకుపోతుంది కూడా. ఎందుకంటే బానిసకు ఇంటిపేరు రాయలేదు. ఎక్కువచోట్ల తండ్రి పేరూ లేదు. యజమాని పెట్టిన ఒక్క పేరు, ఒక అంకె, అంతే.

అయినా ఆ పేర్లలోనే ఒక వెలుగు కనిపిస్తుంది. కరీబియన్ జాబితాల్లో కఫీ, క్వాకో, క్వాషిబా వంటి పేర్లు తరచు వస్తాయి. ఇవి పశ్చిమ ఆఫ్రికాలోని అకాన్ ప్రజలు పుట్టిన వారాన్ని బట్టి పెట్టుకునే పేర్లు. శుక్రవారం పుట్టిన మగబిడ్డ కఫీ, బుధవారం పుట్టినవాడు క్వాకో, ఆదివారం పుట్టిన ఆడబిడ్డ క్వాషిబా. మన పల్లెల్లో ఆదెమ్మ, సోమయ్య, మంగమ్మ అని పెట్టుకున్నట్టే. తల్లి భాషనూ దేశాన్నీ లాక్కున్న చోట కూడా బిడ్డకు వారం పేరు పెట్టి పిలుచుకున్న తల్లి ఒకతె ఉందని ఆ లెక్కల పుస్తకమే, తనకు తెలియకుండా, సాక్ష్యం ఇస్తోంది.

పత్రాలు చెప్పే మరో సంగతి మరీ కలవరపెడుతుంది. సంస్థ పెద్దలకు తెలియక జరిగింది కాదిది. 1760లో కాంటర్బరీ ఆర్చిబిషప్పు థామస్ సెకర్, తోటల్లో బానిసల సంఖ్య తగ్గిపోతూ ఉండటం, మళ్లీ మళ్లీ కొత్తవారిని కొనవలసి రావడం గురించి ఉత్తరంలో బాధపడ్డాడు. ఇది కరుణలో లోపమని ఒప్పుకున్నాడు. చివరికి, ఉన్న పరిస్థితిని ఉన్నట్టే తీసుకోవాలని సర్దుకున్నాడు. 1783లో బిషప్ బీల్బీ పోర్టియస్ ఇదే సొసైటీ ముందు ప్రసంగిస్తూ, కాడ్రింగ్టన్ బానిసల స్థితి బాగుచేయమని కోరాడు. సంస్థ ఆయన ప్రణాళికను పక్కన పెట్టింది. కాబట్టి "ఆ కాలం అలాంటిది" అన్న సమాధానం సరిపోదు. ఆ కాలంలోనే, ఆ సంఘంలోనే, తప్పని చెప్పిన నోరు ఉంది. వినని చెవులు కూడా ఉన్నాయి.

బ్రిటిషు పార్లమెంటు 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. 1834 ఆగస్టు 1న అది అమలులోకి వచ్చింది. నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు కేటాయించారు. ఆ డబ్బు బానిసలకు కాదు, యజమానులకు. కాడ్రింగ్టన్ తోటల్లోని 411 మందికి గాను ఎస్పీజీకి 8,823 పౌండ్లు ముట్టాయి. తలకు దాదాపు 21 పౌండ్లు. ఆ 411 మందికి ముట్టింది ఏమీ లేదు. పైగా 1838 వరకు 'అప్రెంటిస్' అన్న పేరుతో అదే యజమానికి చాకిరీ చేయవలసి వచ్చింది.

2006లో ఇంగ్లండ్ సంఘపు జనరల్ సినడ్ క్షమాపణ కోరుతూ తీర్మానం చేసింది. ఎస్పీజీ వారసురాలైన యూఎస్పీజీ 2023 సెప్టెంబరులో మరో అడుగు వేసింది. కాడ్రింగ్టన్ ట్రస్టుతో కలిసి 10 నుంచి 15 ఏళ్లలో 70 లక్షల పౌండ్లు ఖర్చు పెడతామని ప్రకటించింది. అక్కడి ప్రజల అభివృద్ధితోపాటు చరిత్ర పరిశోధన, సమాధి స్థలాల గుర్తింపు, కుటుంబాల వంశ పరిశోధన కూడా అందులో ఉన్నాయి. ఏ రాయీ పెట్టకుండా పాతిపెట్టినవారు ఎక్కడ ఉన్నారో వెతకడం కూడా పరిహారంలో భాగమేనని సంఘం ఒప్పుకుందన్నమాట.

దీనికి ఎదురుమాటలు ఉన్నాయి. వాటిని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. చర్చ్ కమిషనర్లు 2023లో ప్రకటించిన 10 కోట్ల పౌండ్ల నిధినే చూద్దాం. 1704లో ఏర్పడిన క్వీన్ ఆన్స్ బౌంటీ అనే సంఘ నిధి, బానిసల వ్యాపారం చేసిన సౌత్ సీ కంపెనీలో సొమ్ము పెట్టిందన్నది దాని ఆధారం. ఆ సొమ్ములో అధిక భాగం ప్రభుత్వ రుణపత్రాల్లాంటిదేననీ, బానిసల వ్యాపారపు లాభం కాదనీ కొందరు చరిత్రకారులు వాదిస్తున్నారు. ఊళ్లలోని చర్చిల కోసం ఇచ్చిన డబ్బు దీనికి ఎలా వాడతారని విశ్వాసులు కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నలే. ఆ ప్రశ్నలకు జవాబు వెతకవలసింది కాగితాల్లోనే. కాడ్రింగ్టన్ విషయంలో అలాంటి సందేహానికి చోటు లేదు. అక్కడ వాటాలు లేవు, మధ్యవర్తులు లేరు. యజమాని సంఘ సంస్థే. ఈ రెండు సంగతులనూ ఒకే గాటన కట్టడం వాదించే రెండు పక్షాలకూ మంచిది కాదు.

కాగితాలను వెతికితే ఏమవుతుందో అమెరికాలో చూశాం. 1838లో మేరీలాండ్‌లోని జెసూట్ గురువులు 272 మందిని లూసియానా తోటల యజమానులకు 1,15,000 డాలర్లకు అమ్మేందుకు ఒప్పందం చేసుకున్నారు. జార్జ్‌టౌన్ కళాశాల అప్పులు తీర్చడం అందులో ఒక ఉద్దేశం. అమ్మకపు పత్రాలను, ఓడ జాబితాను, బాప్తిస్మపు రిజిస్టర్లను పక్కపక్కన పెట్టి చదివితే వేలమంది వారసుల ఆచూకీ తెలిసింది. 2017లో ఆ విశ్వవిద్యాలయం ఒక భవనానికి, అమ్మకపు పత్రంలో మొదట రాసి ఉన్న ఐజక్ హాకిన్స్ పేరు పెట్టింది. అమ్మకానికి పెట్టిన పేరు గోడ మీదికి ఎక్కింది.

అయితే ఆ కాగితాలు ఎల్లకాలం ఉండవు. 2024 జూన్‌లో బార్బడోస్ ఆర్కైవ్స్ శాఖ ఆవరణలోని ఒక భవనం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. తాటాకు ఒకటి కాలితే మరో ప్రతి రాసుకోవచ్చు. ఒకే ప్రతి ఉన్న పుస్తకం కాలితే, అందులో మాత్రమే బతికి ఉన్న మనిషి రెండోసారి చనిపోతాడు.

ఇక మన ఇంటి సంగతి. బానిసత్వం రద్దయ్యాక తోటలకు మనుషులు కావలసి వచ్చి మారిషస్, నాటాల్, ఫిజీలకు మన తీరం నుంచి కూలీలను ఎక్కించారు. ఒప్పంద కూలీతనం, బానిసత్వం ఒకటి కావు. కానీ మనిషిని అంకెగా రాసే అలవాటు మాత్రం మారలేదు. కోరంగి రేవు నుంచి వెళ్లినందుకు మారిషస్‌లో తెలుగువారికి కోరంగీలన్న పేరే వచ్చింది. 1860లో మద్రాసు నుంచి నాటాల్ చేరిన మొదటి ఓడ ట్రూరోలో తెలుగువారు ఉన్నారు. వారి మధ్య సేవ చేయడానికి తెలుగు బాప్టిస్టు సంఘాలు 1903లో జాన్ రంగయ్యగారిని పంపాయి. పేదసంఘాలు చందాలు వేసుకుని సముద్రం అవతలి తమవారిని వెతుక్కున్నాయి. మనకూ ఆ వారసత్వం ఉంది.

మరి మన చర్చి బీరువాల్లో ఉన్న బాప్తిస్మపు, వివాహపు, సమాధి రిజిస్టర్ల గతి ఏమిటి? ఊరి కరణం లెక్కల్లో పాలేరుగానో వెట్టివాడుగానో మిగిలిన మనిషి, తండ్రి పేరుతో, పెట్టుకున్న కొత్త పేరుతో గౌరవంగా కనిపించేది చాలా కుటుంబాలకు ఆ రిజిస్టరులోనే. వాటిని చెదలు తింటున్నాయి. కొత్త గుడి కట్టేటప్పుడు పాత సామానుతో పాటు బయట పడేస్తున్నాం. ప్రతి డయాసిస్, ప్రతి ఫీల్డు ఈ సంవత్సరం ఒక పని చేయవచ్చు. 1950కి ముందున్న రిజిస్టర్లన్నీ ఏవి, ఎక్కడున్నాయో జాబితా రాసి, ఒక్కో పేజీ ఫోటో తీయించి రెండుచోట్ల భద్రపరచాలి. ఖర్చు ఒక కన్వెన్షను పందిరి కంటే తక్కువే. వాటిలో మన పెద్దలకు, మిషనరీలకు పేరు తెచ్చే సంగతులే కాదు, తలవంపులు తెచ్చేవీ ఉండవచ్చు. వాటినీ ఉంచాలి.

ఎస్తేరు గ్రంథంలో రాజుకు నిద్రపట్టని రాత్రి పాత రాజ్య సమాచార గ్రంథం తెప్పించి చదివించాడు. మరచిపోయిన మొర్దెకై పేరు అందులో దొరికింది. అడిగిన మొదటి ప్రశ్న, ఇతనికి ఏమి చేశారు అని. ఏమీ చేయలేదన్నారు. కాడ్రింగ్టన్ పుస్తకాలు తెరిచిన సంఘం ముందు ఇప్పుడు నిలిచింది అదే ప్రశ్న. మన బీరువా తెరిస్తే మన ముందూ నిలుస్తుంది.